మామిడి తల్లిచెట్లకు వేలిముద్రలు: ఉద్యాన శాఖ కమిషనర్‌కు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఉద్యాన శాఖ కమిషనర్ గారికి,



2017 మే 3న బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రిజిస్ట్రీలో ఆ పేరుకు యజమానిగా నమోదైంది మీ పదవే. ఎవరు ఆ కుర్చీలో ఉన్నా, బంగినపల్లి అనే మాటకు చట్టరీత్యా కాపలాదారు వారే. ఈ లేఖ మీకే రాయడానికి కారణం అది.

అప్పటి దరఖాస్తులో ఆ పండుకున్న మారుపేర్లు రాశారు: బేనిషాన్, చపటై, సఫేదా. గుర్తులూ రాశారు: తొక్క మీద లేత మచ్చలు, కోలగా ఉండే టెంక, టెంక చుట్టూ పలచగా మెత్తటి పీచు. పండు కొనుక్కుని తినేవాళ్లకు ఈ గుర్తులు సరిపోతాయి. అంటు కొనే రైతుకు సరిపోవు. నర్సరీలో నల్లసంచిలో నిలబడ్డ రెండడుగుల మొక్కకు తొక్కా లేదు, టెంకా లేదు. అది కాపుకొచ్చేసరికి నాలుగైదేళ్లు. ఆ నాలుగైదేళ్లలో గుంతలు తీసిన కూలి, డ్రిప్పు పైపులు, ఎరువు, కంచె, అన్నిటికీ డబ్బు పెట్టేసి ఉంటాడు. తీరా కాసింది వేరే కాయని తేలితే రెండే దారులు: చెట్టు తీసేయడం, లేదా తల నరికి కొత్త చిగుళ్ల మీద మళ్లీ అంటు కట్టించడం. ఏ దారి పట్టినా పోయిన ఏళ్లు తిరిగి రావు.

ఆకు పరీక్షిస్తే ఈ సంగతి మొక్క కొన్న రోజునే తెలుస్తుంది. పద్ధతి కొత్తదేమీ కాదు. మన శాస్త్రవేత్తలకు బాగా చేతనైనదే. ప్రయోగశాలలో ఉన్న ఆ పనిని తోటకూ నర్సరీకీ తీసుకురమ్మనీ, రాష్ట్రంలో అంట్లకు కొమ్మలిచ్చే మామిడి తల్లిచెట్లకు డీఎన్ఏ వేలిముద్రల రిజిస్టరు ఒకటి తెరవమనీ అడగడం కోసమే ఈ లేఖ.

మామిడి కణంలో నలభై క్రోమోజోములు. ఇరవై కాయ కాసిన చెట్టువి, ఇరవై పుప్పొడి ఇచ్చిన చెట్టువి. వాటి పొడవునా అక్కడక్కడా రెండు మూడు డీఎన్ఏ అక్షరాల ముక్కే పదే పదే వచ్చే చోట్లు ఉంటాయి. వీటిని మైక్రోశాటిలైట్లు అంటారు. ఒక రకంలో ఆ ముక్క పదిసార్లు వస్తే ఇంకో రకంలో పదిహేనుసార్లు రావచ్చు. ఆ ముక్కల వల్ల కాయకు పులుపూ తీపీ రావు. గుర్తుపట్టడానికి మాత్రం అవి పనికొస్తాయి, అందుకే ఇలాంటివాటిని మార్కర్లు అంటారు. ఇలాంటి చోట్లు పది పదిహేను జాగ్రత్తగా ఎంచుకుని, ఒక్కొక్క చోట ఎన్ని ముక్కలున్నాయో కొలిస్తే ఆ అంకెల వరుసే చెట్టుకు వేలిముద్ర. దీనికి ముందు 1990ల్లో ర్యాపిడ్ అనే పద్ధతి ఉండేది. చౌక, తేలిక, కానీ ఒక ల్యాబ్‌లో వచ్చిన ఫలితం ఇంకో ల్యాబ్‌లో వచ్చేది కాదు. ఇప్పుడు ఒక్కొక్క అక్షరం తేడానే పట్టుకునే స్నిప్ మార్కర్ల దాకా వచ్చాం. 2020లో ఆల్ఫాన్సో మామిడి జన్యుపటం మొత్తం అచ్చయింది. పరికరాలు, పాఠాలు, పోల్చుకోవడానికి పటం, అన్నీ ఉన్నాయి.

పని మొదలయ్యేది ఆకు దగ్గరే. ముదురాకు పనికిరాదు, దాన్నిండా జిగురూ వగరూ. రాగిరంగులో వేలాడే లేత చిగురు కావాలి. దాన్ని ద్రవ నైట్రోజన్ పోసి రోట్లో నూరితే పచ్చటి పొడి అవుతుంది. ఆ పొడిని వేడి ద్రావణంలో కలిపి, క్లోరోఫారంతో మలినాలు తీసి, చల్లటి ఆల్కహాలు పోస్తే సన్నటి తెల్లదారాలు పైకి తేలతాయి. అదే డీఎన్ఏ. వగరు పదార్థాలను ముందే తొలగించకపోతే ఆ దారాలు గోధుమరంగుకు తిరిగి, తర్వాతి పనికి అక్కరకు రావు. మామిడి మీద పనిచేసే ప్రతి విద్యార్థికీ మొదట్లో ఎదురయ్యే చిక్కు ఇదే. ఇంకో జాగ్రత్త తోటలోనే పడాలి. అంటు ముడికి కింద, వేరుమూలం నుంచి వచ్చిన పిలక ఆకు కోసుకొస్తే ఫలితం ఆ అనామక టెంకమొక్కది వస్తుంది, బంగినపల్లిది రాదు. కోసేవాళ్లకు ఈ తేడా నేర్పించాలి.

హైదరాబాద్ ఈ విద్యకు పుట్టిల్లు లాంటిది. అక్కడి కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో డాక్టర్ లాల్జీ సింగ్ మన దేశంలో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతికి ఊపిరిపోశారు. ఆ ఒరవడిలోనే వచ్చిన డీఎన్ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ, ఎగుమతుల సంస్థ అపెడాతో కలిసి బాస్మతి బియ్యం అసలో కల్తీయో తేల్చే కేంద్రం నడిపింది. ఎక్కడో హిమాలయాల కింద పండే బియ్యానికి మన దక్కన్ నగరంలో సాక్ష్యం దొరికింది. అదే సాక్ష్యం నూజివీడు రసానికి, బంగినపల్లికి, కొత్తపల్లి కొబ్బరి మామిడికి ఎందుకు అందకూడదు? బియ్యం విదేశాలకు పోతుంది కనుక డబ్బు పెట్టేవాళ్లున్నారు. మామిడి అంటు కొనే రైతు తరఫున ఆ డబ్బు పెట్టాల్సింది మీ శాఖే.

పేర్ల సంగతి తీసుకుందాం. కృష్ణా జిల్లాలో కలెక్టర్ కాయ అన్నదే చిత్తూరులో తోతాపురి, ఇంకొందరికి బెంగుళూరా. మన సువర్ణరేఖకు సుందరి అనే పేరూ ఉంది. హిమాయత్ అన్నా ఇమాంపసంద్ అన్నా ఒకటే అంటారు. ఇవన్నీ నిజంగా ఒకే చెట్టు సంతతా, లేక పోలికలు కలిసిన అన్నదమ్ములా? కొన్నిచోట్ల ఒక పేరు కింద రెండు రకాలు దాగి ఉంటాయి, కొన్నిచోట్ల రెండు పేర్ల కింద ఒకటే రకం ఉంటుంది. కాయను పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది కొంతే. ఎందుకంటే నేల మారితే, నీరు మారితే కాయ సైజూ రంగూ మారతాయి. డీఎన్ఏ మారదు.

చెట్టు పుట్టుక తెలుసుకోవడంలో మార్కర్లు ఎంత దూరం తీసుకెళ్తాయో ఫ్లోరిడా చెప్తుంది. 1889లో అమెరికా వ్యవసాయ శాఖ పూనా నుంచి మామిడి అంట్లు తెప్పించుకుంది. చలికి చాలావరకు చచ్చాయి. లేక్ వర్త్ దగ్గర ఎల్‌బ్రిడ్జ్ గేల్ అనే ఆయన తోటలో ముల్గోబా రకం చెట్టు ఒకటి బతికి 1898లో కాసింది. దాని టెంకలు కొన్ని తీసుకుని కెప్టెన్ జాన్ హేడెన్ 1902లో కోకనట్ గ్రోవ్‌లో నాటాడు. 1910లో వాటిలో ఒకటి ఎర్రటి బుగ్గలతో కాసింది. అదే హేడెన్ మామిడి. దాని టెంక నుంచి వచ్చిందనుకునే టామీ అట్కిన్స్ ఇవాళ అమెరికా, ఐరోపా సూపర్‌మార్కెట్లలో ఎక్కువగా కనిపించే పండు. హేడెన్‌కు పుప్పొడి ఇచ్చిన చెట్టు ఏదో అప్పట్లో ఎవరూ చూడలేదు. సుమారు వందేళ్ల తర్వాత మైక్రోశాటిలైట్లు చెప్పాయి: ఎవరూ లెక్కచేయని టర్పెంటైన్ అనే నాటు మామిడి, పీచు, టర్పెంటైన్ నూనె వాసన ఉన్నది. 2006లో అచ్చయిన ఆ అధ్యయనం ఇంకో మాట కూడా తేల్చింది. ఫ్లోరిడా రకాల్లో చాలావాటి వెనక ఉన్నవి కాసిని భారతీయ రకాలు, ఈ టర్పెంటైను. ఆ భారతీయ రకాలు ముల్గోబా, అమీని, బాంబే, సాండర్షా. ఆ సాండర్షా మరెవరో కాదు, పుస్తకాలు తోతాపురికి మారుపేరుగా చెప్పేది.

అంటే ప్రపంచ మార్కెట్‌ను ఏలుతున్న ఎర్రమామిళ్ల వంశమంతా గుప్పెడు చెట్లది. ఒక తెగులు వాటిలో ఒకదానికి పడిందంటే మిగతావాటికీ పడే ప్రమాదం ఎక్కువ. ఇది దూరదేశపు సంగతి అనుకుని ఊరుకోవడానికి లేదు. చిత్తూరులో తోటలకు తోటలు తోతాపురి ఒక్కటే. గుజ్జు ఫ్యాక్టరీలకు అదే కావాలి కనుక రైతులు అదే నాటారు. 2025 జూన్‌లో ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం కిలోకు నాలుగు రూపాయలు తన వంతుగా కలిపి పన్నెండు రూపాయలు ఇప్పించాల్సి వచ్చింది. ఆ నష్టానికి కారణాలు మార్కెట్లో ఉన్నాయి, జన్యువుల్లో లేవు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ జిల్లా బతుకంతా ఒకే రకం మీద ఆనుకుని ఉంటే దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందో ఆ నెల చూపించింది. రేపు అదే దెబ్బ పురుగు రూపంలో రావచ్చు, వేళకు ముందే పడే వాన రూపంలో రావచ్చు.

ఆ రోజుకు పనికొచ్చే చెట్లు ఎక్కడున్నాయి? పెద్ద తోటల్లో కాదు. గట్ల మీద, బావుల దగ్గర, గుడి మాన్యాల్లో, ఊరి చివర టెంకపుట్టు మామిళ్లుగా ఉన్నాయి. మన మామిడిలో చాలా రకాల టెంకకు ఒకటే పిండం, కాబట్టి టెంకమొక్క తల్లిలా రాదు. తండ్రి పోలిక కలుస్తుంది, కొత్త చెట్టవుతుంది. ప్రతి నాటు మామిడీ ప్రపంచంలో ఇంకెక్కడా లేని చెట్టు. ఊరగాయకు ఆ కాయే కావాలని పెద్దమ్మలు పట్టుపట్టే పుల్లటి చెట్టు అలాంటిదే. ఏడాదికి రెండు కార్లు కాసే పునాస అలాంటిదే. వానకు పూత రాలని చెట్టు ఏ పొలం గట్టున ఉందో ఆ పొలం రైతుకు తెలుసు, ఏ రికార్డులోనూ లేదు. రోడ్లు వెడల్పు చేసినప్పుడు, పొలం ప్లాట్లయినప్పుడు ముందుగా పోయేవి ఇవే. వాటికి పేరు లేదు కనుక పోయినట్టు కూడా ఎవరికీ తెలియదు.

కర్ణాటక వాళ్లు పశ్చిమ కనుమల్లోని అప్పెమిడిని చూసి కాస్త ముందు మేల్కొన్నారు. అఘనాశిని లాంటి నదుల ఒడ్డున పెరిగే ఆ అడవి మామిడి లేతకాయలు ఊరగాయకు ప్రసిద్ధి. కొమ్మలు నరికి కాయ కోసే పద్ధతి వల్ల చెట్లు తగ్గిపోతుంటే, మంచి చెట్లను వెతికి, అంట్లు కట్టి, మార్కర్లతో వాటి తేడాలు నమోదు చేశారు. అప్పెమిడికి భౌగోళిక గుర్తింపూ తెచ్చుకున్నారు.

మన దగ్గర అసలు ప్రయత్నమే జరగలేదనడం అన్యాయం. 2010ల్లో హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఆంధ్రప్రదేశ్‌లోని దేశవాళీ మామిళ్లను మైక్రోశాటిలైట్లతో పరిశీలించి, పేరున్న రకాలతో పోల్చారు. బేనిషాన్ చెట్ల నమూనాలనే వేర్వేరు చోట్ల నుంచి తెచ్చి, ఒకే పేరు మోసే చెట్ల మధ్య తేడాలు వెతికారు. తేడాలు కాయ ఆకారంలోనూ ఉన్నాయి, డీఎన్ఏలోనూ ఉన్నాయి. చిన్నరసం మీదా ఇలాంటి పనే చేశారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అండతో నాలుగు దేశాల్లో జరిగిన ఉష్ణమండల పండ్ల వైవిధ్య పరిరక్షణ ప్రాజెక్టులో మన దేశం నుంచి ఎంచుకున్న చోట్లలో చిత్తూరు ఒకటి. వ్యాసాలు అచ్చయ్యాయి, నివేదికలు వచ్చాయి. ఆ అంకెల వరుసలు ఇవాళ ఒక నర్సరీ యజమానికో, ఒక ఉద్యాన అధికారికో చేతికందే రూపంలో లేవు. కొరత అక్కడుంది.

ఈ తేడాల సంగతి మీ పదవికి మరీ ముఖ్యం. అంటు కట్టిన చెట్లన్నీ ఒకే తల్లి కొమ్మలు. నిజమైన బంగినపల్లి ఎక్కడున్నా వేలిముద్ర ఒకటే ఉండాలి. ఒకటి కాదంటే, ఎప్పుడో ఎవరో టెంకమొక్కను కూడా ఆ పేరుతోనే అమ్మి ఉంటారు, లేదా పోలికలున్న ఇంకో రకం వచ్చి చేరి ఉంటుంది. భౌగోళిక గుర్తింపు పొందిన పేరు కింద ఏ వేలిముద్రలు చెల్లుతాయో తేల్చాల్సింది యజమానే. అది తేలనంత కాలం ఆ గుర్తింపు చీటీకి కాయ మీద ఉన్న బలం మొక్క మీద లేదు.

ఇంకో లాభం నేలకు సంబంధించింది. మామిడి టెంకను ఎండబెట్టి చలిపెట్టెలో దాచలేం, చచ్చిపోతుంది. వరి, జొన్న విత్తనాల్లాగా డబ్బాల్లో భద్రపరచడం కుదరదు. వైవిధ్యం దాచాలంటే చెట్లుగానే దాచాలి, అంటే ఎకరాలకు ఎకరాలు కావాలి, నీరు కావాలి, కాపలా కావాలి. లక్నో దగ్గరి కేంద్ర ఉద్యాన సంస్థ తోటలో 700కు పైగా రకాలున్నాయి. మన కోడూరు దగ్గరి అనంతరాజుపేట, నూజివీడు, సంగారెడ్డి పరిశోధన కేంద్రాల్లో తరాల తరబడి పోగుచేసిన చెట్లున్నాయి. కోడూరులో నీలంను హిమాయుద్దీన్‌తో కలిపి నీలుద్దీన్, చిన్న సువర్ణరేఖను జహంగీర్‌తో కలిపి స్వర్ణ జహంగీర్, సంగారెడ్డిలో రుమానిని నీలంతో కలిపి మంజీర తీసింది ఆ చెట్ల బలంతోనే. ఇలాంటి తోటలో ఒకే రకం రెండు పేర్లతో రెండు చోట్ల నిలబడి ఉంటే ఆ మేరకు స్థలం దండగ. మార్కర్లు ఆ జంటలను పట్టిస్తాయి. ఖాళీ అయిన చోట ఇంతవరకు చోటు దొరకని గట్టు మామిడిని పెట్టొచ్చు. ఉన్న ఎకరాల్లోనే ఎక్కువ వైవిధ్యం ఇముడుతుంది.

మార్కర్లు అన్నీ చెప్పవు. ఈ విషయం మీ అధికారులకు ముందే స్పష్టంగా ఉండాలి, లేకపోతే తర్వాత నిరాశ. అనంతపురంలో చీనీ, నల్లగొండలో బత్తాయి అని పిలిచే సాత్‌గుడి సంగతి చూడండి. 2018లో అచ్చయిన నిమ్మజాతి జన్యు అధ్యయనం చెప్పినట్టు, ఈ బత్తాయి జాతి అంతా పంపరపనస, మాండరిన్ కమలాల కలయిక. ఒక పాత కలయిక నుంచి వచ్చిన చెట్టు కొమ్మల్లో ఎప్పుడైనా మొగ్గ స్థాయిలో చిన్న మార్పు వచ్చి కొత్త రకంగా నిలబడుతుంది. తినేవాడికి రుచి తేడా తెలుస్తుంది, మైక్రోశాటిలైట్లకు చాలాసార్లు తెలియదు. అక్కడ మొత్తం జన్యుపటం చదవాల్సి వస్తుంది. మామిడిలోనూ కొమ్మ మార్పులు వస్తాయి. పైగా వేలిముద్ర కలిసినంత మాత్రాన మొక్క ఆరోగ్యంగా ఉందని కాదు, అంటు బాగా అతుక్కుందని కాదు. రకం ఏదో చెప్పడం వరకే దాని పని.

మరో భయం ఉంది, అది న్యాయమైనదే. ఒక రైతు గట్టు మీది చెట్టు ఆకు కోసుకుపోయి, దాని జన్యు వివరాలు ల్యాబ్‌లో దాచుకుని, రేపు ఇంకొకరు దాన్నుంచి రకం తీసి అమ్ముకుంటే ఆ రైతుకేమిటి? 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల చట్టం కింద రైతు రకాలను రైతు పేరుతో నమోదు చేసుకోవచ్చు. చెట్లకు 18 ఏళ్ల రక్షణ ఉంది. రిజిస్టరులో ఎక్కించే ప్రతి చెట్టుకూ పక్కన ఊరి పేరు, రైతు సమ్మతితో ఆయన పేరు ఉండాలి. ఆ నమోదు దరఖాస్తు మీ శాఖ ఉద్యోగే నింపి పెట్టాలి. ఆకు ఇచ్చినవాడికి ఫలితం తెలుగులో, ఒక పేజీలో అందాలి. రకం కలవలేదని చెప్పి చిన్న రైతు తోట మీద కేసు పెట్టడానికి ఈ రిజిస్టరు వాడకూడదని ఉత్తర్వులోనే రాయాలి. కలవని అంటుకు జవాబు చెప్పాల్సింది అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు కాదు.

అందుకని పని ఈ క్రమంలో జరగాలి. మొదట అంట్లకు కొమ్మలిచ్చే తల్లిచెట్లు: పరిశోధన కేంద్రాలవి, కడియం నుంచి రాయలసీమ దాకా లైసెన్సున్న నర్సరీలవి. వాటి ఆకులు తీసి, వేలిముద్ర కలిసిన చెట్టుకు అంకె వేసి, ఆ చెట్టు అంట్ల సంచి మీద ఆ అంకె ఉండాలని నిబంధన పెట్టడం. పరీక్ష ఖర్చు శాఖ భరించాలి. నర్సరీ మీద వేస్తే అది అంటు ధరలోకే వచ్చి చేరుతుంది. తర్వాత బంగినపల్లి, రెండు రసాలు, సువర్ణరేఖ, కొత్తపల్లి కొబ్బరి, పండూరి మామిడి, ఇమాంపసంద్‌లకు ప్రామాణిక వేలిముద్రలు తేల్చి ప్రకటించడం. తెలంగాణ ఉద్యాన శాఖతో కలిసి చేస్తే సంగారెడ్డి చెట్లూ, అక్కడి బేనిషాన్ తోటలూ ఇందులోకే వస్తాయి. బంగినపల్లి హద్దు చూసుకుని పెరగలేదు.

మూడోది గట్టు మామిళ్లు, ఇదే ఎక్కువ శ్రమ. జిల్లాకో బృందం, ఊళ్లో పెద్దవాళ్లను అడిగి చెట్లు గుర్తించడం, కాయ ఉన్నప్పుడు ఫొటో, చిగురు వచ్చినప్పుడు ఆకు. వ్యవసాయ, ఉద్యాన కళాశాలల విద్యార్థులకు గ్రామాల్లో ఉండి పనిచేసే అనుభవ కార్యక్రమం ఎలాగూ ఉంది. ఆ నెలల్లో ఆకుల సేకరణ వాళ్లకు అప్పగించొచ్చు. వచ్చిన ఆకుల్లో ఏ రికార్డుతోనూ కలవనివి చాలానే ఉంటాయి. అలాంటి ప్రతి చెట్టు నుంచీ, తొలకరి పడి చెమ్మ పట్టిన జూన్, జులైల్లో అంటుకొమ్మలు తీసి రెండు వేర్వేరు కేంద్రాల్లో కనీసం రెండేసి మొక్కలు కట్టించాలి. రోడ్డు పని కోసం నరకబోయే చెట్ల జాబితా పంచాయతీరాజ్, రోడ్లు భవనాల శాఖల నుంచి మీకు ముందుగా వచ్చేలా ఒక్క సర్క్యులర్ చాలు. ఆ జాబితాలో మామిడి ఉన్న ప్రతిచోటికీ గొడ్డలి కంటే ముందు ఆకు కోసే మనిషి వెళ్లాలి. ఈ తొలకరికే ఆ సర్క్యులర్ వెలువడాలని కోరుతున్నాను.